కొండలరావు గారు కడుపు కట్టుకున్న వైనం

"ఈ క్షణం నుంచి నా ఒంటి మీద పెరిగే ప్రతి గ్రాముకీ వ్యక్తిగతంగా నేనే బాధ్యత వహిస్తానని గాజువాక ప్రజలకీ, రాష్ట్ర ప్రజలకీ, మీడియా మిత్రులకీ సవినయంగా మనవి చేసుకుంటున్నాను."

ఏప్రిల్ నెలలో ఒక ఆదివారం పూట మా కార్పొరేటర్ కొండలరావు గారు ప్రెస్ మీట్ పెట్టి ఈ మాట అన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. మైకు నాదే, షామియానా నాదే. ఆయన కూర్చున్న కుర్చీలు కూడా నావే. కుర్చీలు అని ఎందుకన్నానంటే, ప్లాస్టిక్ కుర్చీలు రెండు ఒకదాంట్లో ఒకటి దోపి వేశాను. ఆయన స్థాయికి ఒకటి ఆగదు.

గాజువాకలో టెంట్ హౌస్ పెట్టిన దగ్గర్నుంచి నేను చాలామంది నాయకుల వెనక నిలబడ్డాను. రోడ్డు మీద గుంత పడితే వర్షానిది బాధ్యత అన్నవాళ్లని చూశాను. కాలవ పొంగితే ప్రజలదే బాధ్యత అన్నవాళ్లని చూశాను. బాధ్యత నాదీ అన్న నాయకుణ్ణి చూడ్డం మాత్రం అదే మొదలు. ఏ మంచి పనైనా ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా, ఆయన తన పొట్ట దగ్గర మొదలుపెట్టారు. నాకు ఒళ్లు పులకరించింది.

కారణం చిన్నదే. పార్టీ అధిష్ఠానం కొత్త పాలసీ తెచ్చింది. వచ్చే అసెంబ్లీ ఎన్నికల్లో ఫిట్‌గా ఉన్నవాళ్లకే టికెట్లట. ప్రజాసేవ, విధేయత, త్యాగం అనేవి అప్లికేషన్ పెట్టుకున్న ప్రతివాడికీ ఉన్నాయి కాబట్టి, మనిషికీ మనిషికీ తేడా తెలిసేది ఇక నడుము దగ్గరే అని పైవాళ్లు తేల్చారు. కొండలరావు గారికి ఎమ్మెల్యే టికెట్ మీద ఆశ ఉంది. నడుము మాత్రం లేదు.

సిటీలో పెద్ద డాక్టరు ఒకాయన ఆయన్ని చూసి, తిండి మానక్కర్లేదు, తినే వేళలు మార్చండి అన్నాడట. రోజులో ఎనిమిది గంటల్లోనే తినడం ముగించాలి. మిగతా పదహారు గంటలూ మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టకూడదు. వీలైతే రోజూ మెట్లెక్కాలి. ఈ సంగతులన్నీ నాకు చెప్పింది సాయిశంకర్. ఇతను కొండలరావు గారికి సెక్రెటరీ, ఫొటోగ్రాఫరు, సొంత మేనల్లుడు. నలుగురిలో ఉంటే "సార్" అంటాడు, నలుగురూ వెళ్లిపోతే "మావయ్యా" అంటాడు. నన్ను మనిషి కింద లెక్కెయ్యడు కాబట్టి నా ఎదురుగా రెండూ అంటాడు.

"ఉత్తినే కడుపు మాడ్సుకుంటే ఏటి లాభం మావయ్యా?" అన్నాడు ఆ రోజు షామియానా విప్పుతూ ఉండగా. "అన్నం మానీసినోడు జనం కోసం మానీసినట్టు కనపడాల. ఉపవాసం అంటే డాక్టర్ సెప్పాడంతారు. దీక్ష అంటే దండ ఏత్తారు."

కొండలరావు గారు ఆలోచనలో పడ్డారు. "మరి దేని మీద కూకుందాం?"

వార్డులో సమస్యలకి కొదవ లేదు. ఆయన పదవిలోకి వచ్చాక ఒక్క సమస్య కూడా చెక్కుచెదరకుండా చూసుకున్నారు. అయితే ఎంచుకోవడంలో ఒక ఇబ్బంది ఉంది. సమస్య మరీ పెద్దదైతే ఆయన సన్నబడ్డాక కూడా అది తీరదు, దీక్ష ఆపడం కష్టం. మరీ చిన్నదైతే సన్నబడక ముందే తీరిపోతుంది. మామా అల్లుళ్లు చాలాసేపు తర్జనభర్జన పడి ఎర్రమెట్ట కాలనీ మోటారు దగ్గర ఆగారు.

ఎర్రమెట్ట అంటే కొండవాలు మీద ఒకదాని నెత్తిన ఒకటి కట్టుకున్న ఇళ్లు. పైన నీళ్ల ట్యాంకు, కింద పంపు హౌసు, మధ్యలో మెట్లు. మార్చిలో పంపు హౌసులో మోటారు కాలిపోయింది. అప్పట్నుంచి కింద రోడ్డు మీదికి ట్యాంకరు వస్తుంది, ఆడవాళ్లు బిందెలెత్తుకుని మెట్లెక్కుతారు. కొత్త మోటారు కోసం రిలే నిరాహార దీక్ష అని బ్యానరు రాయించారు. పోలీసులు పొద్దున్న తొమ్మిదింటి నుంచి సాయంత్రం అయిదింటి దాకా పర్మిషన్ ఇచ్చారు.

నాకొక చిన్న సందేహం వచ్చింది. "సాయి బాబూ, తొమ్మిది నుంచి అయిదు అంటే ఎనిమిది గంటలే అయింది. డాక్టరు గారు పదహారు గంటలు మానమన్నారు కదా?"

"ఎనిమిది, పదహారు. ఉపవాసం ఎనిమిది, తిండి పదహారు. మొత్తం ఇరవై నాలుగు. సరిపోనాదా లేదా?" అన్నాడు సాయిశంకర్.

సరిపోయింది. కొండలరావు గారు కూడా వేళ్ల మీద కూడుకుని సరిపోయిందన్నారు.

దీక్షకి ముందు బరువు చూసి ప్రజల ముందు పెట్టాలి, అదే పారదర్శకత అన్నారు. మా ఇంట్లో తూకం మిషను ఉంది, పట్టుకొస్తానన్నాను. సాయిశంకర్ నా వంక జాలిగా చూశాడు. ఇంట్లో మిషను మీద నాయకుడు నిలబడితే ఫొటోలో పాదాలు తప్ప ఏమీ పడవట. అందుకని ఆటోనగర్‌లో లారీల కాటా మాట్లాడాడు. స్టీలు చుట్టలు వేసుకుని పోర్టుకి వెళ్లే ట్రైలర్లని తూచే కాటా అది. పది కిలోల లోపు తేడా దాని కంటికి ఆనదు. ఆ గుణం కూడా సాయిశంకర్‌కి నచ్చింది.

జనం కోసం ఎర్రమెట్ట ఆడవాళ్లని వ్యానుల్లో తీసుకొచ్చారు. మోటారు వచ్చేస్తోందని చెబితే ముప్పైమంది దాకా వచ్చారు. వాళ్లలో ముందున్నది కాశమ్మ. ఆమెది సబ్బవరం దగ్గర పల్లె. కౌలుకి చేసే పొలం లేఅవుట్ కింద పోయాక గాజువాక వచ్చి కొండెక్కింది. కొడుకు ఫ్యాబ్రికేషన్ షెడ్డులో వెల్డరు. కోడలు శ్రీసత్యకి అప్పటికి అయిదో నెల.

కాశమ్మ కొండలరావు గారికి దణ్ణం పెట్టింది. "బాబూ, ఈ గుంట నీల్లాడీలోగా మోటారు తిరిగితే సాలు. నాకింకేటీ ఒద్దు. కడుపుతో ఉన్నదాని సేత బిందె మోయించలేను. నాను మోద్దామంటే మోకాళ్లు పట్టీసినాయి."

"నువ్వు నిశ్చింతగా ఉండు కాశమ్మా. నీ కోడలు కాన్పయ్యేలోగా నీళ్లు నీ గుమ్మంలో ఉంటాయి. అంతవరకూ మెతుకు ముట్టను" అన్నారాయన. ఆ మాటకి కాశమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చేవాణ్ణే గాని మైకు స్టాండు పట్టుకుని ఉన్నాను.

కొండలరావు గారు దండలతో కాటా ఎక్కారు. ఆయన ఒక్కరే ఎక్కితే అంత పెద్ద ఇనప పలక మీద బోసిగా ఉంది. "ఆడోళ్లంతా ఎక్కండి, గ్రూప్ ఫొటో" అని అరిచాడు సాయిశంకర్. అందరూ బిలబిలా ఎక్కారు. సాయిశంకర్ కెమెరా నా చేతిలో పెట్టి తనూ ఎక్కాడు. సరిగ్గా అప్పుడే కాటా గదిలో కుర్రాడు మీట నొక్కాడు. బోర్డు మీద ఎర్ర అంకెలు వెలిగాయి: 1,740. జనం చప్పట్లు కొట్టారు.

మర్నాడు ఒక పేపరు జిల్లా పేజీలో 'కార్పొరేటర్ బరువు 1,740 కిలోలు' అని వేశారు. అందులో ముప్పైమంది ఆడవాళ్లు కూడా ఉన్నారని సాయిశంకర్ ఫోన్ చేసి చెబితే, ఆ తర్వాతి రోజు చిన్న బాక్సులో సవరణ వేశారు. సవరణ ఎవరూ చదవలేదు.

దీక్షా శిబిరం మెట్ల కింద, పంపు హౌసుకి ఎదురుగా వేశాను. మొదటిరోజే ఆయన క్రమశిక్షణ చూసి ఆశ్చర్యపోయాను. ఆహారపు అలవాట్లు మార్చుకుంటానని ప్రెస్ మీట్‌లో అన్నారు, నిజంగానే మార్చుకున్నారు. ఇదివరకు మధ్యాహ్నం ఒంటిగంటకి చేసే భోజనం ఇప్పుడు పొద్దున్న ఎనిమిదిన్నరకే కానిచ్చేవారు. అంతకు ముందు టిఫిను ఎలాగూ ఉంటుంది. పూరీలో, పెసరట్టు ఉప్మావో, మనిషికి ఆధారంగా ఏదో ఒకటి. తొమ్మిదింటికి దండ వేసుకుని కూర్చుంటే అయిదింటి దాకా పచ్చి మంచినీళ్లు తప్ప ముట్టేవారు కాదు. మధ్యాహ్నం మూడు దాటాక ఆయన ముఖం చూస్తే రాయి కూడా కరుగుతుంది. మాటిమాటికీ వాచీ చూసుకునేవారు. దారిన పోయే మిక్చరు బండివాణ్ణి కూడా దీక్షకి సంఘీభావం తెలపడానికి వచ్చాడనుకుని ప్రేమగా దగ్గరికి పిలిచేవారు.

అయిదు కాగానే కాశమ్మ నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేసేది. పెద్దముత్తయిదువ చేతి మీదుగా అయితే ఫొటో బాగుంటుందని ఆ ఏర్పాటు. ఆ తర్వాత రేపటి దీక్షకి ఒంట్లో సత్తువ ఉండాలి కాబట్టి కార్లో ఇంటికి వెళ్లేవారు. వంజరం వేపుడు, రొయ్యల ఇగురు, శనాదివారాలయితే అరకు నుంచి బొంగు చికెన్. వరన్నం తగ్గించమని డాక్టరు చెప్పాడు కాబట్టి బిర్యానీయే తినేవారు. మాడుగుల హల్వాని మందులాగా చెంచాతోనే తీసుకునేవారు, కాకపోతే డబ్బా అయిపోయేదాకా. ఇదంతా నేను చూసింది కాదు, సాయిశంకర్ గర్వంగా చెప్పింది.

అంతా సవ్యంగా నడుస్తుండగా వారం తిరక్కుండా ఉపద్రవం వచ్చిపడింది. మోటారు వచ్చేసింది.

అసిస్టెంట్ ఇంజినీరు నీలిమ అని ఒక అమ్మాయి. ఉద్యోగంలో కొత్త. ఇద్దరు మనుషుల్ని పెట్టుకుని పొద్దున్న పంపు హౌసులో దూరి, మధ్యాహ్నానికి చేతులకి గ్రీజుతో నవ్వుకుంటూ శిబిరంలోకి వచ్చింది.

"సార్, కంగ్రాచ్యులేషన్స్. మీ దీక్ష ఫలించింది. మోటారు బిగించేశాం. టెస్టింగ్ కూడా అయిపోయింది. రిబ్బన్ కట్టి ఉంచాను. మీరొచ్చి స్విచ్ నొక్కితే గంటలో పైన ట్యాంకు నిండుతుంది."

మెట్ల మీద కూర్చున్న ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. కాశమ్మ రెండు చేతులూ ఎత్తి కనకమాలక్ష్మి తల్లికి దణ్ణం పెట్టుకుంది. కొండలరావు గారి ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

"అంత తొందరేటమ్మా?" అన్నారు.

"దీక్ష మోటారు కోసమే కదా సార్?"

"అవును."

"మోటారు వచ్చింది కదా సార్?"

"వొచ్చినాది. ప్రారంభోత్సవం అవ్వలేదు కదా. ప్రారంభం అవ్వని మోటారు రానట్టే లెక్క. రానట్టయితే దీక్ష ఆగదు."

"అయితే ఇప్పుడే ప్రారంభించెయ్యండి సార్. టెంకాయ తెప్పించాను."

"దీక్షలో ఉన్నోడు టెంకాయ ఎలాగ కొడతాడమ్మా?" అన్నారు కొండలరావు గారు, చిన్నపిల్లకి పాఠం చెబుతున్నట్టు. "టెంకాయ కొడితే కొబ్బరి ముక్క నోట్లో ఏసుకోవాల. ఏసుకోకపోతే అమ్మోరికి కోపం. ఏసుకుంటే దీక్షాభంగం. దీక్ష అయ్యాకే ప్రారంభం."

"దీక్ష ఎప్పుడవుతుంది సార్?"

"మోటారు ప్రారంభమయ్యాక."

నీలిమ గ్రీజు వేళ్ల మీద ఒకసారి లెక్క వేసుకుని చూసింది. ఇంజినీరింగ్‌లో ఈ లెక్క చెప్పి ఉండరు.

కాశమ్మ ముందుకొచ్చింది. "అమ్మాయ్, ఆ మీట ఏదో నాకు సూపించు. నాను నొక్కీసి ఎల్లిపోతాను. బాబుగోరి దీక్ష బాబుగోరిది, నీల్లు నీల్లే కదా."

"ప్రోటోకాల్ పెద్దమ్మా. ప్రజాప్రతినిధి చేతి మీదుగానే జరగాలి. ఇంకెవరు నొక్కినా నా ఉద్యోగం పోతుంది" అంది నీలిమ. అంటూ శ్రీసత్య కడుపు వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుని, పంపు హౌసుకి తాళం వేసింది. తాళం చెవి ప్రోటోకాల్ ప్రకారం సాయిశంకర్‌కి అప్పజెప్పింది. ఫొటోల్లో వెనకాల రిబ్బన్ కట్టిన తలుపు కనపడుతోందని నా చేత అడ్డంగా పరదా కట్టించారు. తెల్ల పరదా ఉంది, నీలం పరదా ఉంది, ఏది కట్టమంటారని అడిగాను. నీలం కట్టమన్నారు.

మే నెల వచ్చింది. విశాఖపట్నం ఎండ మీకు తెలిసిందే, చెమట తుడుచుకునే లోపల మళ్లీ పడుతుంది. కాశమ్మ మోకాళ్లు వాచిపోయి ఒకరోజు మెట్ల మధ్యలో కూలబడింది. ఆ మర్నాటి నుంచి బిందె శ్రీసత్య ఎత్తుకుంది. ఇంటికి కనీసం నాలుగు బిందెలైనా కావాలి. అంతకన్నా తక్కువైతే వంటా గింటా ఒక పూటే. కాలనీలో చాలా ఇళ్లలో అలాగే ఒక పూట చేసుకుంటున్నారు. అదీ ఉపవాసమే గాని దానికి బ్యానరు లేదు.

కొండలరావు గారు కుర్చీలో కూర్చుని, మెట్లెక్కుతున్న ఆడవాళ్లని చూసి మెచ్చుకుంటూ ఉండేవారు. "సూసినావా? డాక్టరు నన్ను మెట్లెక్కమన్నాడు. ఈళ్లకి ఏ డాక్టరూ సెప్పలేదు. అయినా ఎక్కుతన్నారు. అదీ చైతన్యం" అన్నారొకసారి నాతో. ఆ పూట ఆయన కూడా ఎక్కుదామని లేచారు. మొదటి మెట్టు మీద పాదం పెట్టి ఫొటో తీయించుకున్నారు. రెండో మెట్టుకి దీక్ష నీరసం అడ్డొచ్చింది.

నెల దాటాక సాయిశంకర్ ఎందుకైనా మంచిదని ఇంటి మిషను మీద మావయ్యని తూచాడు. నాలుగు కిలోలు పెరిగారు.

శిబిరంలో విషాదం అలముకుంది. "ప్రతి గ్రాముకీ నాదే బాధ్యత అన్నాను కదరా. టీవీలో కూడా వొచ్చినాది. ఇప్పుడేటి సేద్దాం?" అన్నారు కొండలరావు గారు.

"కంగారు పడకండి మావయ్యా. బాధ్యత మీదే. బాధ్యులెవరో కనిపెట్టే బాధ్యత" అన్నాడు సాయిశంకర్.

వెంటనే ఏకసభ్య కమిటీ వేశారు. ఆ ఏకసభ్యుడు సాయిశంకరే. కమిటీ నా కుర్చీలోనే కూర్చుని విచారణ జరిపింది. దీక్ష వేళల్లో నాయకుడు తీసుకున్నవి రెండే అని తేలింది: మంచినీళ్లు, నిమ్మరసం. నిమ్మరసం ఇస్తున్నదెవరు? కాశమ్మ. ఆమెని పిలిపించారు. వాచిన మోకాళ్లతో గోడ పట్టుకుని వచ్చి నిలబడింది.

"నిమ్మరసంలో ఏటి కలుపుతున్నావు?"

"ఏటి కలుపుతాను బాబూ? పంచదార మీ ఇంటి నుంచే వొస్తంది. కాయలూ మీయే. నీల్లొక్కటే నాయి. మా ఇంట్లోకి పట్టుకున్న బిందెలోంచే ఓ గలాసుడు తీసి మీకు పోత్తన్నాను."

కమిటీ కళ్లు మెరిశాయి. డాక్టర్ల పుస్తకాల్లో నీటి బరువు అని ఒకటి ఉంటుందట. ఒంట్లో నీరు చేరితే మనిషి బరువు పెరుగుతాడు, అది కొవ్వు కాదు, ఆ మనిషి తప్పూ కాదు. చేరిన నీరు కాశమ్మది. కనక ఆ నాలుగు కిలోలకీ నైతిక బాధ్యత కాశమ్మదే అని కమిటీ తేల్చింది. కొండలరావు గారు పెద్ద మనసుతో ఆమెని క్షమించారు. క్షమించినట్టు ప్రకటన కూడా ఇచ్చారు. కాశమ్మకి తనేం చేసిందో తెలీదు గాని, "సల్లగుండు బాబూ" అని వెళ్లిపోయింది.

జూన్ మొదట్లో అధిష్ఠానం నుంచి పరిశీలకుడు దిగాడు. పేరు ఉదయ్‌కుమార్. సన్నగా, చేతికి అడుగులు లెక్కపెట్టే వాచీతో, నిలబడి ఉన్నా కదులుతూనే ఉండే మనిషి.

"కొండలరావు గారూ, మీ దీక్ష గురించి పైన చాలా చెప్పుకుంటున్నారు. ఎంత తగ్గారు?"

కొండలరావు గారు పొట్ట లోపలికి పీల్చారు. పీల్చినంత మేరా పైకి వచ్చి గడ్డం కింద చేరింది. సాయిశంకర్ అందుకున్నాడు.

"సార్, మా నాయకుడు వ్యక్తిగతంగా బతికే మనిషి కాదు సార్. ఆయన వేరు, వార్డు వేరు కాదు. మొదటిరోజు బరువు కూడా ప్రజలతో కలిపే చూసుకున్నారు. పేపర్లో వచ్చింది. శాస్త్రీయంగా పోల్చాలంటే అదే కాటా మీద, ఆ మనుషులతోనే చూడాలి సార్."

పరిశీలకుడికి శాస్త్రీయంగా అన్న మాట నచ్చింది.

మళ్లీ వ్యానులొచ్చాయి. ఇప్పుడైనా స్విచ్ నొక్కుతారేమోనని ఆడవాళ్లందరూ ఒక్కరు తప్పకుండా వచ్చారు. కాశమ్మని ఇద్దరు పట్టుకుని కాటా ఎక్కించారు. శ్రీసత్యకి ఏడో నెల. ఈసారి గోలా నవ్వులూ లేవు, ఎండలో మాటాడకుండా నిలబడ్డారు. మధ్యలో దండలతో కొండలరావు గారు, పక్కన సాయిశంకర్. కాటా కుర్రాడు మీట నొక్కాడు. ఎర్ర అంకెలు వెలిగాయి.

1,680.

పరిశీలకుడు ఉదయ్‌కుమార్ కదలడం ఆపేశాడు. "అరవై కిలోలా!" అన్నాడు. "రాష్ట్రంలో ఇప్పటిదాకా పదకొండు కిలోలు దాటి తగ్గిన నాయకుడు లేడు."

"నాయకుడు నాలుగు పెరిగి కూడా సార్" అనబోయి నాలిక కరుచుకున్నాను. నాకెందుకు?

టికెట్ ఖాయమని అక్కడే అర్థమైపోయింది. సాయంత్రం శిబిరం దగ్గరే సభ. అధిష్ఠానానికి వీడియో పంపాలి, అందులో గుంపు కాదు, ఒక్క ముఖం కావాలి, అందరికన్నా ఎక్కువ తగ్గినవాళ్లకి బహుమతి ఇద్దాం అన్నాడు పరిశీలకుడు. ఇక్కడొక చిక్కు వచ్చింది. కాలనీలో ఎవరి బరువు ఎంత ఉండేదో ఎవరికీ తెలీదు, తూచుకునే అలవాటు వాళ్లకి లేదు. అధికారికంగా నెలనెలా బరువు చూసేది కడుపుతో ఉన్నవాళ్లకే. అంగన్‌వాడీ టీచరుని పిలిపించి అడిగారు. ఆమె తల వంచుకుని, శ్రీసత్య ఈ రెండు నెలల్లో మూడు కిలోలు తగ్గిందండీ అని చెప్పింది. ఇంకా ఏదో చెప్పబోయింది గాని అప్పటికే చప్పట్లు మొదలయ్యాయి.

శ్రీసత్యని వేదిక మీదికి పిలిచారు. ఒక చెయ్యి నడుముకి ఆన్చుకుని, ఇంకో చేత్తో మెట్టు పట్టుకుని ఎక్కింది. ముఖంలో బుగ్గలు లేవు, కడుపొక్కటే ఉంది. కొండలరావు గారు శాలువా కప్పి, మైకు ముందుకి వచ్చారు.

"చూడండి ఈ ఆడబిడ్డని! కడుపుతో ఉండి కూడా బరువు తగ్గింది! సాకులు చెప్పేవాళ్లకి ఇదొక చెంపపెట్టు. రెండు ప్రాణాలకి తినాలీ అనే పాతకాలపు అలవాటు మార్చుకుంది. తన ఒంటికి తనే బాధ్యత వహించింది. ఈ ఫలితాలు చూశాక మోటారు విషయంలో నేను మనసు మార్చుకున్నాను. స్విచ్ నొక్కడం నాకొక క్షణం పని. కానీ ఆ మీట నొక్కి, నా ఆడపడుచుల ఆరోగ్యం నా చేతులారా పాడు చెయ్యలేను. మోటారు ఎక్కడికీ పోదు. రిబ్బన్‌తో సహా అక్కడే భద్రంగా ఉంటుంది."

పరిశీలకుడు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఒక మూల నిలబడ్డ నీలిమ చెయ్యి కలపలేదు. వేదిక మీది వాళ్లందరూ కొట్టారు కాబట్టి లోటు తెలీలేదు.

విజేత అత్తగారు కూడా రెండు ముక్కలు మాట్లాడితే వీడియో నిండుగా ఉంటుందని సాయిశంకర్‌కి తోచింది. నన్ను మైకు కాశమ్మ నోటి దగ్గర పెట్టమన్నాడు. పెట్టాను.

కాశమ్మకి మైకు అలవాటు లేదు. మెల్లగా అంది. "ఏటి బాబూ సెప్పట్లు? కడుపుతో ఉన్న గుంట పెరగాల, తగ్గకూడదు. ఆస్పటల్లో డాక్టరమ్మ తిట్టినాది, బిడ్డ ఎదగట్లేదన్నాది. దానికి శాలువా ఏటి? నీల్లిమ్మన్నాం గాని..."

సాయిశంకర్ నా వంక చూసి వేలితో మెడ మీద గీత గీసినట్టు సైగ చేశాడు. నేను ఆంప్లిఫైయర్ దగ్గరికి వెళ్లి మీట నొక్కాను. సాంకేతిక లోపం వల్ల అంతరాయం కలిగిందని ప్రకటించారు. రెండు నెలల ఆ ఉద్యమం మొత్తంలో ఎర్రమెట్ట దగ్గర ఎవరైనా ఒక స్విచ్ నొక్కారంటే నేనొక్కణ్ణే. కాశమ్మ పెదాలు ఇంకాసేపు కదులుతూనే ఉన్నాయి.

బహుమతిగా శ్రీసత్యకి కొత్త స్టీలు బిందె ఇచ్చారు. మామూలు బిందెకి రెండింతలు ఉంటుంది. మీద కొండలరావు గారి బొమ్మ చెక్కించారు. సభ అయ్యేసరికి రోడ్డు మీదికి ట్యాంకరు వచ్చింది. ఎలాగూ కిందే ఉన్నారు, ఎలాగూ పైకి వెళ్లాలి. అత్తా కోడళ్లు ఆ బిందెనే ట్యాంకరు కింద పెట్టి నింపారు. ఒక్కరు ఎత్తలేకపోయారు. చెరో పక్కా చెయ్యి వేసి, శాలువా జారిపోకుండా చూసుకుంటూ, ఒక్కో మెట్టు దగ్గర ఆగి ఆగి ఎక్కుతున్నారు.

కొండలరావు గారు కారు తలుపు తీసి పట్టుకుని, ఒక నిమిషం తలెత్తి ఆ దృశ్యం చూశారు. ఆయన కళ్లల్లో నిజంగానే తడి ఉంది.

"సాయీ, ఈడియో తియ్యి," అన్నారు. "వొచ్చే నెలకి ఇంకా తగ్గుతారు."